నోరు విప్పించడమే వైద్యమా?

"మీరైనా వీడి చేత చెప్పించండమ్మా, అంతా కడుపులోనే పెట్టుకుంటున్నాడు." నేను ఈ మాట వినని వారం లేదు. ఒకసారి తల్లి అంటుంది, ఒకసారి టీచరు. మొన్న ఒక నానమ్మ అంది. ఆవిడ వెనక తొమ్మిదేళ్ల మనవడు బల్ల అంచు పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. మళ్లీ అడగబోతున్నారని వాడికి తెలుసు.

పిల్లల ట్రామా మీద, అంటే భయంకరమైన అనుభవం మనసుకు చేసే గాయం మీద, ఆ పిల్లలతో పనిచేసే నాకు ఎదురయ్యే అపోహలు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ నష్టం చేసేది మాత్రం ఇదే: జరిగిందంతా బయటికి చెప్పేస్తే భారం దిగిపోతుంది, కాబట్టి ఎలాగైనా చెప్పించాలి. ఇందులో సగం నిజం ఉంది. ఆ సగమే కొంప ముంచుతుంది.

ఒకప్పుడు నేనూ ఇదే నమ్మాను. పనిలో చేరిన కొత్తలో పదకొండు మంది పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరే ఏం జరిగిందో చెప్పమన్నాను. మొదట ఒకమ్మాయి చెప్పింది. తర్వాతి వాళ్లు తమ వంతు వచ్చింది కాబట్టి చెప్పారు. చివరగా వంతు రావాల్సిన ఒకబ్బాయి, అది దగ్గర పడేకొద్దీ, చేతిలోని క్రేయాన్‌తో కాగితం మీద ఒకే చోట రుద్దుతూ పోయాడు. కాగితం చిరిగింది. నేను చూశాను, చూసి ఊరుకున్నాను. ఆ సాయంత్రం రిపోర్టులో "అందరూ మాట్లాడారు" అని గొప్పగా రాసుకున్నాను కూడా. తర్వాతి వారం నలుగురే వచ్చారు. మొదట మాట్లాడిన అమ్మాయి వాళ్లమ్మ ఫోన్‌లో ఒక్క మాటే అంది: "ఆ రోజు నుంచి దానికి రాత్రిళ్లు నిద్ర లేదండీ."

భయంకరమైన జ్ఞాపకం మామూలు కథలా తలలో కూర్చుని ఉండదు. దాన్ని కదిపితే గుండె దడ, బిగిసిన ఊపిరి, చల్లబడే చేతులు, అన్నీ వెంట వస్తాయి. నమ్మకమున్న మనిషి దగ్గర, తనకు చేతనైనంత మేరకు చెప్పుకుని, ఆ తర్వాత శరీరం నెమ్మదించే దాకా ఆ మనిషి పక్కనే ఉంటే ఆ జ్ఞాపకం పదును తగ్గుతుంది. బలవంతాన లాగితే ఆ పదును తగ్గకపోగా, మొదటి గాయం నేర్పిన పాఠమే మనం రెండోసారి నేర్పినవాళ్లం అవుతాం: "నీ ఇష్టంతో ఎవరికీ పని లేదు."

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. ఘోరం జరిగిన కొద్ది రోజుల్లోనే బాధితుల చేత అంతా చెప్పించే డీబ్రీఫింగ్ పద్ధతి 1980లలో బాగా ప్రచారంలోకి వచ్చింది. 2002లో, వైద్య పరిశోధనల్ని కలిపి తూచే కోక్రేన్ సంస్థ సమీక్ష పరిశోధనలన్నీ ముందేసుకుని చూస్తే, ఒక్క సెషన్‌లో ముగించే ఆ పద్ధతి పీటీఎస్‌డీని (ఘోరం తర్వాత పీడకలలు, భయాలు మనిషిని వదలని జబ్బును) ఆపుతుందనడానికి ఆధారం దొరకలేదు. ఒక పరిశోధనలోనైతే ఏడాది తర్వాత చూస్తే మేలు కన్నా కీడే కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో క్షేత్ర కార్యకర్తల కోసం తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకం కూడా గమనించండి, వినండి, అవసరమైన సాయంతో కలపండి అంటుంది. జరిగింది చెప్పమని ఒత్తిడి చేయొద్దంటుంది.

మరి థెరపీలో చెప్పిస్తారు కదా అంటారు. అవును, చెప్పిస్తారు. ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీలో (ఆలోచనల్నీ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్సలో) పిల్లలు తమ కథ చెప్పుకోవడం ఒక ముఖ్యమైన భాగం. కానీ అది మొదటి రోజు పని కాదు. ముందు ఊపిరిని నెమ్మదింపజేసుకోవడం, ఏ భావాన్ని ఏమంటారో తెలుసుకోవడం లాంటివి నేర్పుతారు. ఇంట్లో పెద్దవాళ్లనూ కూర్చోబెడతారు. ఆ తర్వాతే కథ, అదీ కొంచెం కొంచెంగా.

అలాగని జరిగినదాని ఊసే ఎత్తొద్దని కాదు నేననేది. "చెప్పాలనిపిస్తే వింటాను, అనిపించకపోయినా ఇక్కడే ఉంటాను" అని ఒకసారి అనండి, చాలు. అన్న మాట మీద ఉండండి. పిల్లలు తమంతట తాము చెబితే "అప్పుడే ఎందుకు చెప్పలేదు" అని మాత్రం అడక్కండి. "ఎవరికీ చెప్పను" అని ఒట్టు కూడా వేయొద్దు. ప్రమాదం ఇంకా నడుస్తుంటే దాన్ని ఆపగలిగేవాళ్లకు మీరు చెప్పి తీరాలి.

ఇక మిగతా అపోహలు గబగబా.

ఏస్ స్కోరు, అంటే చిన్నప్పుడు ఎన్ని రకాల కష్టాలు పడ్డారో లెక్కేసే సంఖ్య. ఆన్‌లైన్‌లో పది ప్రశ్నలకు జవాబులిచ్చి, ఏడొచ్చింది, ఇక నా బతుకింతేనా అని వణుకుతూ వస్తున్నారు. కాదు. 1995-97 మధ్య అమెరికాలో 17,000 మందికి పైగా పెద్దవాళ్లతో చేసిన అధ్యయనం నుంచి పుట్టిన లెక్క అది. జనాభా మొత్తం మీద ముప్పు ఎటు ఉందో చూపిస్తుంది, మీ జాతకం చెప్పదు. ఆ అధ్యయనం నడిపిన ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ ఆండాయే 2020లో దీన్ని ఒక్కో మనిషికీ అంటగట్టొద్దని రాశారు. ఆ కష్టం ఎన్నాళ్లు సాగిందో, అప్పుడు మీ పక్కన ఎవరున్నారో ఆ పది ప్రశ్నలూ అడగవు.

"పసివాళ్లకేం గుర్తుంటుంది?" మాటల్లో గుర్తుండకపోవచ్చు. నిద్రలో, ఉలికిపాటులో, ఎత్తుకోబోతే బిగుసుకుపోవడంలో ఉంటుంది.

"దెబ్బలు తిన్నవాడు రేపు కొట్టేవాడవుతాడు." దయచేసి ఇది పిల్లల ముందు అనకండి. ముప్పు కొంత పెరుగుతుంది, నిజమే. ఎక్కువ మంది అలా మారరు.

"తట్టుకునే శక్తి పుట్టుకతో రావాలి." హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని మనస్తత్వవేత్త ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. బాగా కష్టాల్లో పెరిగినవాళ్లలో మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. పిల్లల స్వభావానికీ అందులో పాత్ర ఉంది. దాంతోపాటు కనిపించింది, వాళ్లను పట్టించుకున్న పెద్ద మనిషి కనీసం ఒకరు ఉండటం. తల్లిదండ్రులే కానక్కర్లేదు. అందుకే ఇప్పుడు నా టైమంతా పిల్లల కన్నా వాళ్ల చుట్టూ ఉన్న పెద్దవాళ్లతోనే ఎక్కువ గడుస్తోంది.

నెల దాటినా పీడకలలు, ఉలికిపాట్లు తగ్గకపోతే, చదువూ ఆటా వదిలేస్తే నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి. చచ్చిపోతానన్న మాట వస్తే నెల దాకా ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి.

ఆ నానమ్మ నిన్న ఫోన్ చేసింది. "ఇంకా ఏమీ చెప్పలేదమ్మా" అంది, కాస్త నిష్ఠూరంగానే. నిద్రపోతున్నాడా అని అడిగాను. పోతున్నాడట. లైటు మాత్రం ఆర్పనివ్వడం లేదట. ఆర్పొద్దని చెప్పాను.