పాడ్‌కాస్ట్‌లో స్పాన్సర్ మాట: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర్లో ఒక మేడగది ఉంది. కిటికీలకు పాత బొంతలు కట్టి, పొద్దున బస్సుల హారన్లు మొదలుకాకముందే రికార్డింగ్ ముగించేస్తాను. రైతుల కోసం నాది ఒక తెలుగు పాడ్‌కాస్ట్, అది కాక కర్నూలు, కడప వాళ్లవి ఇంకో మూడింటికి ఎడిటింగ్ చేసిపెడతాను. ఈ మధ్య కొత్తగా మైకు కొన్న పిల్లలు ఫోన్ చేసి అడిగేవాటిలో సగం స్పాన్సర్ల గురించే. "అన్నా, డబ్బు తీసుకుంటే జనం నమ్మరంట కదా" అని ఒకరు, "చెప్పకుండా మాటల్లో కలిపేస్తే ఎవరికి తెలుస్తుందన్నా" అని ఇంకొకరు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: స్పాన్సర్ దగ్గర డబ్బు తీసుకుంటే నమ్మకం పోయినట్టే

పోదు. మన పల్లెల్లో తిరునాళ్లప్పుడు రాత్రంతా నాటకం ఆడతారు కదా, అది గుర్తు తెచ్చుకోండి. కృష్ణుడి వేషం కట్టినాయన పద్యం ఎత్తుకుని రాగం తీస్తుంటాడు, మధ్యలో హార్మోనియం ఆగుతుంది, ఒకాయన మైకు అందుకుని "ఫలానా గ్రామ కాపురస్తులు ఫలానా వారు కృష్ణ పాత్రధారి గారికి నూటపదహార్లు చదివిస్తున్నారు" అని ఊరంతా వినేట్టు చెప్తాడు, మళ్లీ పద్యం ఆగిన చోటి నుంచే సాగుతుంది. చదివింపులు అందుకున్నాడని ఆ కృష్ణుడిని ఎవరైనా నమ్మకుండా పోయారా? ఇచ్చినవాడెవరో, ఎంత ఇచ్చాడో, ఎవరికి ఇచ్చాడో అందరి ముందే తేలిపోయింది. ఇంక అనుమానానికి చోటెక్కడిది?

పాడ్‌కాస్ట్ కూడా అంతే. మైకు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, గది అద్దె, పల్లెలకు బండి మీద తిరిగే పెట్రోలు, వీటికి డబ్బు ఎక్కడినుంచో రావాలి. వినేవాళ్లకు అది తెలుసు. నమ్మకం పోయేది ఆ డబ్బు సంగతి దాచిపెట్టినప్పుడు. డబ్బు కోసం మనకు తెలియనిది తెలిసినట్టు చెప్పినప్పుడు కూడా పోతుంది. ఈ రెండోదానికి నా సొంత అనుభవమే ఉంది, కింద చెప్తాను.

అపోహ: చేతికి డబ్బు రాలేదు, వస్తువు ఊరికే ఇచ్చారు, కాబట్టి అది యాడ్ కాదు

ఇది చాలామందికి నిజంగానే తెలియదు. డ్రిప్ పైపుల చుట్ట ఇచ్చినా, ఫోన్ ఇచ్చినా, హోటల్లో రెండు రాత్రులు ఉంచుకున్నా, మన కోడ్ చెప్పి కొన్నవాళ్ల మీద కమీషన్ ఇచ్చినా, ఆ కంపెనీ మన బావమరిదిదే అయినా, వినేవాళ్లకు చెప్పాల్సిందే. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో విడుదల చేసిన సూచనల్లో ఇవన్నీ సంబంధం కిందికే వస్తాయి. ఆదాయపు పన్ను వాళ్లు కూడా దీన్ని ఊరికే వచ్చిన వస్తువుగా చూడరు. 2022 జూలై 1న 194ఆర్ సెక్షన్ పేరుతో దీనికి ఒక నియమం అమల్లోకి వచ్చింది. వృత్తి ద్వారా వచ్చిన కానుకల విలువ ఏడాదికి 20,000 రూపాయలు దాటితే ఇచ్చినవాళ్లు 10 శాతం టీడీఎస్ (ఇచ్చేచోటే ముందుగా కట్టే పన్ను) కట్టాలి. పన్ను లెక్కలో ఆదాయమైనది వినేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి "ఊరికే ఇచ్చారు" ఎలా అవుతుంది?

అపోహ: ఎపిసోడ్ కింద డిస్క్రిప్షన్‌లో రాశాం కదా, చాలు

చాలదు. మన పాడ్‌కాస్ట్ ఎవరు ఎలా వింటున్నారో ఒకసారి ఆలోచించండి. నా వాళ్లలో ఎక్కువమంది ట్రాక్టర్ మీద వింటారు, మోటారు దగ్గర కరెంటు కోసం కాచుకుని కూర్చుని వింటారు, చీనీకాయలు (బత్తాయిలు) కోసేచోట ఫోన్ జేబులో పెట్టుకుని స్పీకర్లో వింటారు. వీళ్లలో డిస్క్రిప్షన్ తెరిచి చదివేవాళ్లు ఎవరు? యూట్యూబ్‌లో పెయిడ్ ప్రమోషన్ గడి టిక్ చేస్తే వీడియో మొదట్లో పది సెకన్లు ఒక గమనిక కనిపిస్తుంది, ఆ టిక్ తప్పకుండా పెట్టాలి, కానీ అది తెర వైపు చూస్తున్నవాడికే పనికొస్తుంది. అదే ఎపిసోడ్‌ని వేరే యాప్‌లో ఆడియోగా వింటున్నవాడికి అది చేరనే చేరదు.

అందుకే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆస్కీ అంటాం) 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం తెచ్చిన మార్గదర్శకాల్లో ఆడియోకి విడిగా ఒక నియమం పెట్టింది. ఆడియో మొదట్లో, చివర్లో నోటితో స్పష్టంగా చెప్పాలి, మధ్యలో విరామం తీసుకుంటే ప్రతి విరామానికి ముందూ వెనకా చెప్పాలి. ఆ మార్గదర్శకాలు 2021 జూన్ 14 నుంచి వర్తిస్తున్నాయి. ఆస్కీ అనేది పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న సంస్థ, ప్రభుత్వ శాఖ కాదు, అంతమాత్రాన తేలిగ్గా తీసుకోవద్దు, ఎందుకంటే దాని పక్కనే చట్టం కూడా ఉంది, అది తర్వాత వస్తుంది.

ఇంకో మాట. చెప్పేది మనవాళ్లకు అర్థమయ్యే తెలుగులో చెప్పండి. గంటసేపు రాయలసీమ యాసలో మాట్లాడి, ఆ ఒక్క ముక్క మాత్రం గబగబా ఇంగ్లీషులో అనేసి దాటిపోయే ఎపిసోడ్లు నా దగ్గరికి ఎడిటింగ్‌కి వస్తుంటాయి. నేను వెనక్కి పంపుతాను. "ఈ ఎపిసోడ్‌కి ఫలానా కంపెనీ మాకు డబ్బు ఇచ్చింది" అంటే పదేళ్ల పిల్లాడికి కూడా అర్థమవుతుంది. అలా అనడానికి నోరు రావట్లేదంటే, ఆ యాడ్ ఒప్పుకునే ముందే ఇంకోసారి ఆలోచించుకోవాలి.

అపోహ: రాసిచ్చింది వాళ్లు, నేను చదివానంతే, బాధ్యత కంపెనీదే

నేనూ మొదట్లో ఇలాగే అనుకున్నాను.

చీనీ చెట్ల ఎండు తెగులుకి వేర్ల దగ్గర పోసే ఒక ద్రవం, దానికి మూడు ఎపిసోడ్ల యాడ్, ఆరు వేలు. నాకు అప్పటివరకు వచ్చిన అతి పెద్ద స్పాన్సర్ అది. వాళ్లు పంపిన కాగితంలో ఒక వాక్యం ఉంది: "మా సొంత తోటలో కూడా ఇదే వాడుతున్నాం." మా నాయనకు నిజంగానే రెండెకరాల చీనీ తోట ఉంది. ఆ మందు మాత్రం ఆయన ఎప్పుడూ చూసింది కూడా లేదు. నేను ఆ వాక్యాన్ని చదివేశాను. చదివేటప్పుడు చిన్నగా గొంతు తడబడితే మళ్లీ రికార్డు చేసి, రెండోసారి ఇంకా బాగా చదివాను.

నాలుగు నెలలకు నార్పల వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. తిట్టలేదు. "నువ్వే చెప్తివి కదా నాయనా, మీ నాయన తోటకే పోస్తున్నారని. ఇంక అడిగేదేముందిలే అని నాలుగు డబ్బాలు తెచ్చుకుంటి" అన్నాడు. డబ్బా పద్దెనిమిది వందలు. చెట్లు పైకొమ్మల నుంచి ఎండుకుంటూ వస్తున్నాయట. "ఇంకో రెండు తెచ్చి పోయమంటావా?" అని నన్నే అడిగాడు. నేనేదో ఆ తోటల డాక్టర్నన్నట్టు, ఇంకా నన్నే నమ్మి అడుగుతున్నాడు.

ఆ రోజు ఆయనకు నిజం చెప్పాను. మా నాయన అది వాడలేదని, నాకు డబ్బిచ్చి చదివించారని చెప్పాను. అవతల చాలాసేపు మాట రాలేదు. తర్వాత "సరేలే నాయనా" అని పెట్టేశాడు. మరుసటి రోజు పొద్దున్నే ఆయన తోటకు వెళ్లాను. మొదళ్ల చుట్టూ పాదుల్లో నీళ్లు నిలబడి ఉన్నాయి, వేరు కుళ్లు పట్టుకుంది. పాదు మార్చి మొదలుకి నీళ్లు తగలకుండా చూసుకుని, మొదలుకి బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన పూత) పూయాల్సిన తోట అది. మా రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లను ఆ యాడ్ ఒప్పుకోకముందే ఒక్క మాట అడిగుంటే నాకు ఈ సంగతి తెలిసేది. పోయింది ఆయన ఏడువేల రెండొందలే కాదు, నాలుగు నెలల సమయం కూడా, చెట్లకు అదే ముఖ్యం.

చట్టం ఏమంటుందో ఇప్పుడు చూడండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్ 9న మార్గదర్శకాలు ఇచ్చింది. మెచ్చుకుని చెప్పేవాడి మాట అతని నిజమైన అభిప్రాయం అయ్యుండాలి, దాని వెనక తగినంత సమాచారమో, వాడిన అనుభవమో ఉండాలి. తప్పుదోవ పట్టించే యాడ్ అని తేలితే కంపెనీకే కాదు, దాన్ని మెచ్చుకుని చెప్పినవాడికి కూడా 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. ఏడాదిపాటు ఏ ఉత్పత్తినీ ప్రచారం చేయకుండా ఆపొచ్చు, మళ్లీ దొరికితే మూడేళ్లు. చెప్పేముందు ఆ మాట నిజమో కాదో తగిన శ్రద్ధతో చూసుకున్నవాడికి మాత్రం ఈ శిక్ష వర్తించదని అదే చట్టంలో ఉంది. అంటే "నేను చదివానంతే" అనేది జవాబు కాదు, "నేను చూసుకున్నాను" అనేదే జవాబు.

ఇప్పుడు నేనేం చేస్తానంటే, బయో మందు అని ఎవరొచ్చినా ముందు డబ్బా లేబుల్ ఫోటో అడుగుతాను. బయోస్టిమ్యులెంట్లను (మొక్క ఎదుగుదలకు ఊతమిచ్చేవి) 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు, కాబట్టి దాని ప్రకారం అనుమతి ఉందా అని చూస్తాను. కాగితంలో "నేను", "మేము", "మా ఇంట్లో" అని ఎక్కడున్నా గీత కొట్టేస్తాను. "మా తోటలో వాడుతున్నాం" అన్నచోట "కంపెనీ వాళ్లు చెప్పేదేమిటంటే" అని రాసుకుంటాను. ఆ ఒక్క మార్పుకే కొందరు వెళ్లిపోయారు. పోనివ్వండి. హోస్ట్ గొంతుతో చదివే యాడ్‌కి ఎక్కువ డబ్బు ఎందుకిస్తారంటే, వాళ్లు కొనేది మన గొంతు మీద వినేవాళ్లకున్న నమ్మకాన్నే. అందులో మనం అనుభవించనిది కలిపితే అది అరువు తెచ్చుకున్న సొమ్మును తాకట్టు పెట్టడం లాంటిది.

అపోహ: మాది చిన్న ఛానెల్, రెండు వేలమందే వింటారు, రూల్స్ పెద్దవాళ్లకే

ఇన్ని వేలమంది దాటితేనే అని ఏ మార్గదర్శకంలోనూ లేదు. పైగా రెండు వేలమందిలో సగం మన చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. సంతలో ఎదురుపడతారు, పెళ్లిలో పక్క విస్తరి దగ్గర కూర్చుంటారు.

అపోహ: గెస్ట్ డబ్బిచ్చి వస్తే అది ఇంటర్వ్యూనే, యాడ్ కాదు

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే, ఎందుకంటే ఇది కనబడదు. మధ్యలో వచ్చే ముప్పై సెకన్ల యాడ్‌ని వినేవాడు యాడ్ అనే గుర్తుపడతాడు, ముందుకు జరుపుకుంటాడు. కానీ నలభై నిమిషాల ఇంటర్వ్యూలో ఒకాయన షుగర్ పూర్తిగా తగ్గించే పొడి గురించి చెప్తుంటే, హోస్ట్ "అవునా సార్, ఆశ్చర్యంగా ఉందే" అంటుంటే, ఆ కుర్చీకి పదిహేను వేలు కట్టారని వినేవాడికి ఎలా తెలుస్తుంది? షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్నే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. ఇంటర్వ్యూ అని పేరు పెట్టినంత మాత్రాన డబ్బు పుచ్చుకుని చెప్పించిన మాట ప్రకటన కాకుండా పోదు.

కోచింగ్ సెంటర్లదీ ఇదే కథ. "మా దగ్గర చేరితే వంద శాతం సెలెక్షన్" లాంటి మాటలు చెప్పకూడదని 2024 నవంబర్‌లో కోచింగ్ సెంటర్ల కోసమే విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. అయినా కర్నూలు నుంచి ఒక తమ్ముడు పంపిన ఎపిసోడ్‌లో సంస్థ డైరెక్టర్ అచ్చంగా అదే మాట అన్నాడు. ఆ ముక్క తీసేద్దామన్నాను. "డబ్బు తీసుకున్నానన్నా, తీసేస్తే ఒప్పుకోరు" అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. డబ్బిచ్చి కూర్చున్న గెస్ట్‌ని మనం ఎదురు ప్రశ్న అడగలేం. అడగలేనప్పుడు దాన్ని ఇంటర్వ్యూ అనకూడదు. ఆ తమ్ముడు చివరికి డబ్బు వెనక్కిచ్చేశాడు. చాలా కష్టంగానే ఇచ్చాడు, ఆ నెల గది అద్దెకు నా దగ్గర చేబదులు తీసుకున్నాడు.

అపోహ: ఎపిసోడ్ వెళ్లిపోయింది, దానితో పని అయిపోయింది

పేపర్లో యాడ్ మర్నాటికి పాతబడుతుంది. పాడ్‌కాస్ట్ అలా కాదు, ఎవరో మూడేళ్ల కిందటి ఎపిసోడ్‌ని ఈ రాత్రే మొదటిసారి వింటుంటారు. యాడ్‌ని ఎపిసోడ్ ఫైల్లోనే కలిపేస్తే అది అలాగే ఉండిపోతుంది. వినేటప్పుడు అప్పటికప్పుడు చొప్పించే పద్ధతిలోనైతే గడువు అయ్యాక తీసేయొచ్చు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల యాడ్లే చూడండి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం వాటికి ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. మన రాష్ట్రమైతే ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే నిషేధించింది. పాత ఎపిసోడ్లలో అలాంటివి ఉంటే ఈ రోజే కూర్చుని కోసేయండి.

నా చీనీ మందు ఎపిసోడ్లు మూడూ తీసేయలేదు, యాడ్ ముక్క కోసేసి, ఆ స్థానంలో నలభై సెకన్లు నేనే మాట్లాడాను. ఇక్కడ ఒక అబద్ధం చెప్పాను, అది ఇదీ అని చెప్పాను. ఆ తర్వాత వినేవాళ్లు తగ్గలేదు, ప్రశ్నలు పెరిగాయి. "ఇది కూడా డబ్బు తీసుకునే చెప్తున్నావా?" అని ఇప్పుడు సూటిగా అడుగుతారు, నేనూ సూటిగానే చెప్తాను.

అపోహ: ముందే చెప్పేస్తే స్పాన్సర్లు రారు

కొందరు రారు. తమ డబ్బు సంగతి బయటపడకూడదని కోరుకునేవాళ్లే వాళ్లు. కిందటి నెల ధర్మవరం రోడ్డులో డ్రిప్ సామాన్లు అమ్మే ఒకాయన వచ్చాడు. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి, విరామానికి అటూ ఇటూ ఒక్కోసారి మీ పేరు చెప్పి, మీరు డబ్బిచ్చారని చెప్తాను, ఒప్పుకుంటారా అని అడిగాను. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "నాలుగుసార్లు పేరు వస్తుందా? మా ఊరి నాటకంలో మా నాయన నూటపదహార్లు చదివించి, పేరు ఇంకోసారి గట్టిగా చదవమని అడిగేవాడప్పా" అని, అడ్వాన్సు టేబుల్ మీద పెట్టాడు.