చెక్క వింటి వేగం ఎక్కడ పోతోంది?

చేత్తో చెక్కిన విల్లు బాణాన్ని అనుకున్నంత వేగంగా వదలకపోతే చాలామందికి వెంటనే తట్టే ఉపాయం ఇంకా బిగువైన విల్లు చేయడం. కానీ లాగడానికి సరిగ్గా ఒకే బలం పట్టే రెండు విల్లులు తీసుకుని, ఒకే బాణాన్ని వేసి చూస్తే వేగాల్లో తేడా బాగానే కనిపిస్తుంది. కాబట్టి బిగువు ఒక్కటే చాలదు. మన చేతులు పెట్టిన శక్తిలో చెక్క ఎంత దాచుకుంది, దాచుకున్నదాంట్లో ఎంత బాణానికి ఇచ్చింది అన్నవి రెండూ చూడాలి. ఈ రెండు చోట్ల జరిగే నష్టాన్ని ఆపితే పాత విల్లే కొత్తగా పనిచేస్తుందని నా గట్టి నమ్మకం.

ఒక లెక్క వేద్దాం. పూర్తిగా లాగినప్పుడు 18 కిలోల బలం, అంటే ఆర్చరీ వాళ్ల లెక్కలో 40 పౌండ్లు పట్టే విల్లు ఉందనుకోండి. నారి తగిలించి, ఇంకా లాగని స్థితి నుంచి నారి దాదాపు అర మీటరు వెనక్కి వస్తుంది. బలం సున్నా నుంచి ఒకే తీరున పెరుగుతూ పోయిందనుకుంటే, వింట్లో నిల్వ ఉండే శక్తి సుమారు 45 జౌళ్లు (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం). అందులో 30 జౌళ్లు 30 గ్రాముల బాణానికి చేరితే అది సెకనుకు 45 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. చెక్క వింటికి ఇది మంచి వేగమే. మరి మిగతా 15 జౌళ్లు? అవి ముఖ్యంగా వింటినీ నారినీ కదిలించడానికి ఖర్చయ్యాయి. బాణం వెళ్లిపోయాక పిడి పట్టుకున్న చేతికి తగిలే కుదుపు అందులోదే.

1930ల్లో క్లారెన్స్ హిక్‌మన్, పాల్ క్లాప్‌స్టెగ్ వంటి అమెరికన్ భౌతిక శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని కొలతల దాకా తెచ్చారు. క్లాప్‌స్టెగ్ చెప్పిన పద్ధతి చాలా అందంగా ఉంటుంది. ప్రతి వింటికీ ఒక ఊహా బరువు ఉంటుంది, అది బాణంతో పాటు అదే వేగంతో ఎగురుతోందని అనుకోవాలి. బాణం మారినా ఈ బరువు పెద్దగా మారదు. మన ఉదాహరణలో అది 15 గ్రాములు. ఆ 15ని 10కి దించగలిగితే బాణానికి చేరే వాటా మూడింట రెండు వంతుల నుంచి నాలుగింట మూడు వంతులకు పెరుగుతుంది, వేగం సెకనుకు 47 మీటర్లు దాటుతుంది. లాగే బలం ఒక్క గ్రాము కూడా పెరగలేదు! బరువైన బాణం వేస్తే వేగం తగ్గినా, శక్తిలో దానికి దక్కే వాటా ఎందుకు పెరుగుతుందో కూడా ఈ లెక్కతోనే తెలుస్తుంది.

ఈ ఊహా బరువును దించాలంటే చేయి పెట్టాల్సింది కొనల మీద. పిడికి అటూ ఇటూ ఉండే భాగాలను రెక్కలు అందాం. బాణం వదిలినప్పుడు రెక్కలో అన్నిటికన్నా వేగంగా కదిలేది కొన. రెక్క మధ్యలో వేగం సుమారుగా సగం. శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, కొన దగ్గర ఉన్న ఒక గ్రాము, మధ్యలో ఉన్న నాలుగు గ్రాములంత శక్తి తినేస్తుంది. పిడి దగ్గర ఎంత చెక్కినా వేగం కోసం ఒరిగేదేమీ లేదు. చాలా విల్లుల్లో కొనలు అవసరానికి మించి లావుగా ఉండిపోతాయి. చెక్కేవాళ్లకు అక్కడ భయం ఎక్కువ మరి.

ఆ భయం పోవాలంటే ఒక సూత్రం తెలియాలి. చెక్క బద్ద బిగువు దాని వెడల్పుకు అనులోమంగా, మందం ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. వెడల్పు సగం చేస్తే బిగువు సగమే తగ్గుతుంది. అదే 10 మిల్లీమీటర్ల మందాన్ని 9 చేస్తే నూటికి 27 వంతుల బిగువు పోతుంది. అందుకని కొనల దగ్గర మందం ఉంచి, వెడల్పు తీసేయాలి. చివరి జానెడు మేర పక్కల నుంచి చెక్కుతూ నారి గాడి దగ్గరకు ఒక సెంటీమీటరు వెడల్పుకు తెచ్చినా, తగినంత మందం ఉంటే కొన వంగదు, తేలికగా కదులుతుంది. రెక్కలో వంగాల్సిన భాగానికి మాత్రం ఇది తలకిందులు. అక్కడ వెడల్పుగా, పలచగా ఉండాలి. ఎందుకంటే ఒకే వంపుకు మందమైన చెక్క మీద ఒత్తిడి ఎక్కువ, పలచని చెక్క మీద తక్కువ. డెన్మార్క్‌లోని హోల్మెగార్డ్‌లో 1944లో బయటపడిన ఎల్మ్ చెక్క విల్లు వయసు దాదాపు 9,000 ఏళ్లు. దాని రెక్కలు వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటాయి. అదే దేశంలో మోలెగాబెట్ దగ్గర నీటి అడుగున దొరికిన మరో రాతియుగపు వింటిలో వెడల్పైన రెక్క ఒక చోట ఒక్కసారిగా సన్నబడి, బిగువైన కొనగా మారుతుంది. సూత్రం రాసుకోకుండానే ఆ చేతులు దీన్ని పట్టుకున్నాయి. ఆ పనితనం తలుచుకుంటే నాకు ఎప్పుడూ ఒళ్లు పులకరిస్తుంది.

నారి సంగతి చిన్నదే. దాని బరువులో మూడో వంతు బాణం బరువుతో కలిసినట్టే లెక్క. తెగే ప్రమాదం లేనంత వరకు సన్నని నారి మేలు. నారికీ పిడికీ మధ్య ఎడం తగ్గిస్తే బాణాన్ని తోసే దూరం పెరుగుతుంది. మరీ తగ్గిస్తే నారి ముంజేతికి కొడుతుంది.

ఇక అసలు నష్టం, శక్తి నిల్వలోనే జరిగేది. విల్లు వంగినప్పుడు లక్ష్యం వైపు ముఖం సాగుతుంది, మన వైపు ముఖం నలుగుతుంది. పోగుల వెంట లాగితే చెక్క బాగా తట్టుకుంటుంది, నొక్కితే అంత తట్టుకోదు. అందుకే ముందు ఓడిపోయేది లోపలి ముఖం. అది ఫట్‌మని విరగదు. లోపలి సూక్ష్మ కణాల గోడలు మడతపడతాయి, అంతే. నారి దించాక కూడా విల్లు కొంచెం వంగే ఉండిపోతుంది. ఈ మిగులు వంపు రెండు మూడు సెంటీమీటర్లుంటే ఫర్వాలేదు. ఐదు దాటిందంటే చెక్క బాగా అలిసిపోయినట్టే. అలాంటి వింట్లో లాగుడు మొదట్లో వదులుగా ఉండి చివర్లో బరువెక్కుతుంది. చివరి బలం అంతే ఉన్నా మొత్తం శక్తి తగ్గిపోతుంది.

లోపలి ముఖాన్ని ఏటవాలు వెలుతురులో పెట్టి చూడండి. దెబ్బతిన్న చోట రెక్కకు అడ్డంగా వెంట్రుక మందాన గీతలు కనిపిస్తాయి. గోరుతో రాస్తే తగులుతాయి. అవి వచ్చాక చేయగలిగింది తక్కువ. రాకుండా చూసుకోవడం టిల్లరింగ్‌లోనే ఉంది, అంటే రెండు రెక్కలూ సమానంగా వంగేలా కొద్దికొద్దిగా చెక్కడంలో. ఎక్కువ వంగుతున్న చోటును ముట్టుకోకూడదు, వంగని చోట గీకాలి. గీకిన ప్రతిసారీ కొద్ది దూరం చాలాసార్లు లాగి వదలాలి (నారి చేత్తో పట్టుకునే, మెల్లగా). గీకిన ఫలితం చెక్కలో పూర్తిగా కనిపించడానికి ఆ లాగుళ్లు కావాలి. అనుకున్న బలం ఎంతో, అంతకు మించి మధ్యలో ఎప్పుడూ లాగకూడదు. ఈ ఒక్క నియమం ఎన్నో విల్లులను కాపాడుతుంది.

తేమ కూడా ఇక్కడే దెబ్బతీస్తుంది. చెక్కలో తేమ నూటికి 8 నుంచి 10 వంతులుంటే మంచిది. ఎక్కువైతే లోపలి ముఖం తొందరగా నలుగుతుంది. 6 కన్నా తగ్గితే పెళుసెక్కి విరిగే ప్రమాదం ఉంది. కర్రను రోజూ తూచి, బరువు తగ్గడం ఆగాకే వంచడం మొదలుపెట్టాలి. లోపలి ముఖాన్ని మాత్రం సన్నని సెగ మీద లేత గోధుమరంగు వచ్చేదాకా కాల్చే పద్ధతి నాకు చాలా ఇష్టం. ఆ వేడికి చెక్కలోని హెమిసెల్యులోజ్ అనే పదార్థం మారిపోయి, చెక్క తేమ తక్కువ పీలుస్తుంది, నొక్కుడును మెరుగ్గా తట్టుకుంటుంది. సెగ బయటి ముఖానికి తగలకూడదు. కాల్చిన తర్వాత కొన్ని రోజులు కదపకుండా ఉంచితే పోయిన తేమ కాస్త తిరిగి చేరుతుంది. అప్పటిదాకా వంచకూడదు.

సాగే ముఖానికి జంతువుల స్నాయువు నార అంటించి బలం పెంచుతారు కొందరు. సాగుడు వల్ల విరుగుతున్న వింటికి అది మందే. నలిగిపోతున్న వింటికి మాత్రం కాదు, పైగా బరువు తోడవుతుంది. 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ ఓడలోని ఇంగ్లిష్ విల్లులు యూ అనే చెట్టు చెక్కతో చేసినవి. సాగే వైపు తెల్లచెక్క (బెరడు కింద ఉండేది), నలిగే వైపు చేవ (కర్ర నడిమి భాగం). రెండు ముఖాలకు కావలసిన రెండు గుణాలూ ఒకే కర్రలో దొరికాయి.

చేతిలో ఉన్న వింటిని బాగుచేయాలంటే నేను ముందు కొనలే పట్టుకుంటాను. రెండు పక్కలా సమానంగా, కొద్దిగా తీసి, నారి పిడి మధ్యగానే పోతోందా అని చూసి, అదే బాణంతో అదే దూరం లాగి వేగం కొలుస్తాను. తర్వాత నారి, ఆ తర్వాత సెగ. ఏ దశలోనైనా బాణం లేకుండా మాత్రం నారి వదలొద్దు. 30 జౌళ్లు మోసుకెళ్లాల్సిన బాణం లేకపోతే మొత్తం 45 జౌళ్లూ తేలిక చేసిన ఆ కొనలనీ, సన్నబరిచిన ఆ నారినీ తాకుతాయి.