ఐదు వాచీలు, ఒక కర్ర

మా ఇంట్లో ఐదు చేతి వాచీలున్నాయి. పొద్దున్న ఆరింటికి ఐదింటినీ ఒకే టైముకి సరిపెట్టి బల్ల మీద వరసగా ఉంచినా, మర్నాటికి ఏ రెండూ ఒక్కమాట మీద ఉండవు. ఇంటికొచ్చిన చుట్టాలు "ఇన్నెందుకు? సరిగ్గా నడిచేది ఒక్కటుంటే చాలదా?" అంటారు. నాకు ఆ తేడాలంటేనే ఇష్టం. ఏ వాచీ ఎంత తప్పుతోందో, ఎందుకు తప్పుతోందో పట్టుకోగలిగితే దాని కడుపులో ఏం జరుగుతోందో తెలిసిపోతుంది.

వాచీలు కొనేటప్పుడు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. కొత్తగా వచ్చేది, ఇంట్లో ఉన్నవాటికి తెలియని సంగతి ఏదో ఒకటి చెప్పాలి. చెప్పదనిపిస్తే ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేస్తాను. విజయనగరం గంటస్తంభం దగ్గర సందుల్లో తిరిగినప్పుడల్లా చెయ్యి లాగుతుంది. ఈ నియమమే ఆపుతుంది.

గడియారం అన్న మాటలోనే గడియ ఉంది. రోజుకి 60 గడియలు, గడియకి 24 నిమిషాలు. అడుగున చిన్న చిల్లున్న గిన్నెని నీళ్ల మీద వదిలితే అది నిండి మునగడానికి పట్టే కాలంతో పూర్వం గడియ కొలిచేవారు. మునిగిన ప్రతిసారీ ఒక మనిషి గంట కొట్టి, గిన్నె తీసి మళ్లీ వదిలేవాడు. క్రమం తప్పకుండా జరిగే పని ఒకటి, దాన్ని లెక్కపెట్టేవాడు ఒకడు. ఈ రెండూ లేని వాచీ ఇంతవరకూ పుట్టలేదు. అందుకే వాచీ చేతిలోకి రాగానే నేను మొదట అడిగే ప్రశ్న: ఇది దేన్ని లెక్కపెడుతోంది?

మొదటిది మా నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా. బెంగళూరులో హెచ్‌ఎంటీ వాళ్లు 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో వాచీల ఫ్యాక్టరీ పెట్టారు. నాన్నగారు నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసినన్నాళ్లూ ఇదే ఆయన చేతికుండేది. మిల్లు కూత వినబడగానే ముల్లు సరిచేసుకుని, కీ ఇచ్చి, అప్పుడు షర్టు వేసుకునేవారు. ఇప్పుడు కూత లేదు గానీ పొద్దున్నే కీ ఇచ్చే పని నాది. కీ తిప్పినప్పుడు వేలికి తగిలే ఆ కరకర, లోపల మెయిన్ స్ప్రింగ్ చుట్టుకుంటున్న చప్పుడు.

స్ప్రింగ్ ఒక్కసారిగా విప్పుకుంటే పళ్లచక్రాలన్నీ క్షణంలో గిర్రున తిరిగి ఆగిపోతాయి. అలా జరగకుండా చివర్లో ఒక కాపలా ఉంటుంది. బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ తలుపు తీసి ఒక్క పన్నునే వదులుతుంది. మనకి వినిపించే టిక్కు ఆ తలుపు చప్పుడే. చక్రాన్ని వెనక్కి లాగేది వెంట్రుకంత సన్నటి హెయిర్ స్ప్రింగ్. దీన్ని గడియారంలో వాడి చూపించినవాడు హాలండ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్, 1675లో. ఇందులో గొప్పతనం ఏమిటంటే, చక్రం ఎక్కువ దూరం ఊగినా తక్కువ దూరం ఊగినా దాదాపు ఒకే సమయం పడుతుంది. ఎక్కువ దూరం వెళ్తే స్ప్రింగ్ అంత గట్టిగా వెనక్కి లాగుతుంది మరి. ఊపు ఎంతసేపు పట్టాలో తేల్చేవి రెండే: చక్రం అంచున ఉన్న బరువు, స్ప్రింగ్ బిగువు.

జనతాలో ఆ చక్రం గంటకి 18,000 సార్లు కొడుతుంది. సెకనుకి 5, రోజుకి 4,32,000. నాన్నగారి వాచీ రోజుకి 30 సెకన్లు వెనకబడుతుంది. అంటే నాలుగు లక్షల ముప్ఫై రెండు వేల దెబ్బల్లో తేడా వస్తున్నది 150. మనిషి చేసిన లోహపు చక్రం, సెల్లూ కరెంటూ ఏమీ లేకుండా, పదివేలకి మూడు నాలుగు మాత్రమే తప్పడం ఎంత పెద్ద విషయమో ఈ లెక్క వేసుకున్న రోజున నాకు అర్థమైంది. అప్పటిదాకా అది స్లో వాచీ అనే అనుకున్నాను.

డయల్ మీద 17 జ్యువెల్స్ అని ఉంటుంది. లోపల కెంపులున్నాయని, తీసి అమ్ముకోవచ్చని మా చిన్నప్పుడు వీధిలో చెప్పుకునేవాళ్లం. కెంపులున్న మాట నిజమే. అవి ఫ్యాక్టరీలో పుట్టినవి. అల్యూమినియం ఆక్సైడ్ పొడిలో కాస్త క్రోమియం కలిపి మంటలో కరిగించి బొట్టు బొట్టుగా పెంచే పద్ధతిని ఫ్రాన్సుకి చెందిన ఆగస్ట్ వెర్నాయ్ 1902లో ప్రకటించాడు. వజ్రం తర్వాత స్థాయి గట్టిదనం కాబట్టి చక్రాల ఇరుసులు ఏళ్ల తరబడి తిరిగినా అరగవు, నునుపు వల్ల రాపిడీ తక్కువ. అమ్మితే చాయ్ డబ్బులు కూడా రావేమో గానీ, ఆ వాచీ మూడు తరాలు నడవడానికి కారణం ఆ ఎర్ర చుక్కలే.

ఒకసారి ఉన్నట్టుండి జనతా గంటకి నాలుగైదు నిమిషాలు ముందుకి పరిగెత్తడం మొదలెట్టింది. గంటస్తంభం దగ్గర చిన్న బల్ల వేసుకుని కూర్చునే పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను. మూత కూడా తియ్యలేదు ఆయన. చిన్న దిక్సూచి తెచ్చి వాచీ పక్కన పెట్టారు. ముల్లు అటూ ఇటూ ఊగింది.

"అయస్కాంతం పట్టేసింది బావూ. సెల్‌ఫోను పక్కనెట్టి తొంగున్నావేటి?"

"పౌచ్‌లో పెట్టాను తాతా. దానికి మేగ్నెట్ బొత్తం ఉంది."

"అదే మరి. లోపల చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయుంటాయి."

హెయిర్ స్ప్రింగ్ చుట్లు అంటుకుంటే, ఊగే స్ప్రింగ్ పొడవు తగ్గినట్టే. పొట్టి స్ప్రింగ్ బిగువుగా ఉంటుంది, బిగువైతే చక్రం తొందరగా వెనక్కొస్తుంది, వాచీ ఫాస్టవుతుంది. ఆయన కరెంటు తీగ చుట్టిన చిన్న పెట్టె మీద వాచీని ఉంచి, మీట నొక్కి, మెల్లగా పైకెత్తారు. అటూ ఇటూ మారే అయస్కాంత బలంలోంచి దూరంగా జరిపేసరికి అంటుకున్న గుణం పోయింది. రెండు నిమిషాల పని. వాచీ హఠాత్తుగా ఫాస్టయితే ముందు దీన్నే అనుమానించమని అందరికీ చెబుతుంటాను. స్పీకర్లు, ఫ్రిజ్ తలుపు, హ్యాండ్‌బ్యాగ్ బొత్తం, అన్నిట్లోనూ అయస్కాంతమే.

రెండోది సీకో ఫైవ్, 7ఎస్26 అనే ఆటోమేటిక్ మిషను ఉన్నది. గంటకి 21,600 దెబ్బలు. దీనికి చేత్తో కీ ఇచ్చే ఏర్పాటే లేదు. వెనక అర్ధచంద్రాకారపు లోహపు పలక ఒకటి చెయ్యి కదిలినప్పుడల్లా తిరిగి స్ప్రింగ్ చుడుతుంది. పలక ఎటు తిరిగినా చుట్టుకునేలా రెండు కొక్కేల మీటని ఆ కంపెనీ 1959లో తెచ్చింది. ఈ వాచీ నాకు చెప్పే కొత్త సంగతి టైము కన్నా నా గురించే. కోట చుట్టూ నడిచి, మార్కెట్టుకి వెళ్లొచ్చిన రోజు రాత్రంతా ఢోకా లేకుండా నడుస్తుంది. జ్వరంతో రెండు రోజులు మంచం దిగకపోతే ఆగిపోతుంది.

మూడోది సెల్లుతో నడిచే టైటన్. టాటాలూ తమిళనాడు పరిశ్రమల సంస్థా కలిసి 1984లో మొదలుపెట్టిన కంపెనీ, ఫ్యాక్టరీ హోసూరులో. వీళ్లు మొదటినుంచీ క్వార్ట్జ్‌నే నమ్ముకున్నారు. క్వార్ట్జ్ అంటే పలుగురాయి జాతి స్ఫటికం. దాన్ని నొక్కితే కరెంటు పుడుతుందని పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ 1880లో కనిపెట్టారు. కరెంటిస్తే అది వంగుతుంది కూడా. వాచీలో దీన్ని రెండు కాళ్ల చిమటాలా కోస్తారు. సెల్లు ఇచ్చే చిన్న పోటుకి అది సెకనుకి సరిగ్గా 32,768 సార్లు వణుకుతుంది. ఆ అంకె ఎందుకంటే, దాన్ని సగం చేసుకుంటూ పోతే పదిహేనోసారికి మిగిలేది ఒకటి. సగం చెయ్యడం ఎలక్ట్రానిక్ సర్క్యూటుకి అన్నిటికన్నా తేలిక పని. సెకనుకి ఒక్క పోటు మిగలగానే అది చిన్న మోటారుని ఒక్క అడుగు కదుపుతుంది. సెకన్ల ముల్లు గెంతి గెంతి నడవడం అందుకే. ఇలాంటి మొదటి చేతి వాచీ సీకో ఆస్ట్రాన్, 1969 డిసెంబరు 25న జపాన్లో అమ్మకానికి వచ్చింది.

క్వార్ట్జ్ తప్పదనుకునేవాడిని. తప్పుతుంది. ఈ చిమటాని 25 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా వేగంగా వణికేలా కోస్తారు. వేడి పెరిగినా తగ్గినా వణుకు నెమ్మదిస్తుంది, అదీ తేడాకి వర్గం లెక్కన. ఐదు డిగ్రీల తేడాకి వచ్చే నష్టం, పది డిగ్రీలకి నాలుగింతలవుతుంది. మే నెలలో మా బీరువా లోపల 38 డిగ్రీలుంటే, వాచీ రోజుకి దాదాపు అర సెకను, నెలకి పదిహేను సెకన్లు వెనకబడాలని లెక్క తేలుతుంది. నేను టైములు రాసుకునే పుస్తకంలో జనవరి పేజీ, మే పేజీ పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు ఆ తేడా కనిపించింది. విజయనగరం ఎండాకాలం ఒక రాతిముక్కలో నమోదైపోయిందన్న సంతోషం ఇంతా అంతా కాదు.

నాలుగోది క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ, 1989 నుంచీ వస్తున్న ప్లాస్టిక్ డిజిటల్ వాచీ. ఇందులోనూ అదే స్ఫటికం. మరెందుకు కొన్నానంటే, ఇందులో కంటికి కనబడేలా కదిలేది ఏదీ లేదు. ద్రవ స్ఫటికాలు కరెంటు తగలగానే మెలిక విప్పుకుని వెలుగుని ఆపుతాయి, అక్కడ నల్లటి అంకె కనిపిస్తుంది. పోలరాయిడ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుని ఈ వాచీని మెల్లగా తిప్పండి. ఒకచోట అంకెలన్నీ మాయమై మొత్తం నల్లగా అయిపోతుంది. పిల్లలకి కాంతి గురించి చెప్పడానికి ఇంతకన్నా చవకైన పరికరం నాకు దొరకలేదు.

ఐదోది చూపు లేనివాళ్ల కోసం హెచ్‌ఎంటీ చేసిన బ్రెయిలీ వాచీ. అద్దం మూతలా తెరుచుకుంటుంది, అంకెల చోట ఉబ్బెత్తు చుక్కలుంటాయి, ముళ్లు వేలు తగిలినా జరగనంత గట్టివి. లోపల కీ ఇచ్చే మామూలు మిషనే. రాత్రి లైటు వెయ్యకుండా దీన్ని తడిమి టైము తెలుసుకోవడం నేర్చుకున్నాను. మొదటి వారం పావుగంట అటూ ఇటూ పొరబడేవాడిని, ఇప్పుడు రెండు మూడు నిమిషాలకి మించి తప్పను. నా దగ్గరున్నవాటిలో నాకు ఎక్కువ నేర్పింది ఇదే అనిపిస్తుంది. టైము చూసేది మాత్రమే అనుకున్నన్నాళ్లూ వేళ్లకి ఈ సామర్థ్యం ఉందని తెలియలేదు.

పాత హెచ్‌ఎంటీలు కొనాలనుకునేవాళ్లకి ఒక మాట. 2016లో హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసెయ్యాలని కేంద్రం నిర్ణయించింది. పాతవాటికి ఆ తర్వాత గిరాకీ పెరిగింది, దాంతోపాటు డయలుకి కొత్త రంగులేసి, నాలుగు వాచీల భాగాలు ఒకదానిలో కలిపి అమ్మడమూ ఎక్కువైంది. డయల్ మరీ తళతళలాడుతుంటే అనుమానించాలి. నిమిషాల ముల్లు కొస నిమిషాల గీతల దాకా చేరుతోందా, అక్షరాల అంచులు చెదిరాయా అని భూతద్దంతో చూడాలి. మూత తీయించి మిషను చూడకుండా డబ్బివ్వొద్దు. చాలా పాత విదేశీ వాచీల్లో చీకట్లో మెరిసే అంకెలకి రేడియం పూసేవారు. దాని బలం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. మెరుపు పోయినా రేడియం పోదు. అలాంటిదాన్ని ఇంట్లో విప్పడం, గీకడం ప్రమాదం.

మన వైపు ఇంకో శత్రువు గాలిలోని తేమ. టైటన్‌కి ముందు నా దగ్గరున్న ఒక వాచీ వెనక 30 మీటర్లు అని రాసి ఉంటే, కళింగపట్నంలో సముద్రస్నానానికి పెట్టుకుని దిగాను. సాయంత్రానికి అద్దం లోపల మంచు పట్టింది, నెలకి ముళ్లకి తుప్పు. ఆ 30 మీటర్లు కదలని నీటి ఒత్తిడి లెక్క. కొత్తగా ఉన్నప్పుడు చేతులు కడుక్కుంటే పడే నీళ్లకీ, వానకీ సరిపోతుంది. అల దెబ్బ వేరు, చెమటకి ఎండిపోయిన రబ్బరు రింగు వేరు. ఇప్పుడు వాచీలున్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేస్తాను, వాడని క్వార్ట్జ్‌లోంచి సెల్లు తీసేస్తాను. సెల్లు కారితే సర్క్యూటు పోయినట్టే.

ఆరో వాచీ గురించి చాలా ఆలోచించాను. చివరికి డాబా మీద ఒక కర్ర నిలబెట్టాను.

మనం వాడే టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది, 1906 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నది. విజయనగరం 83.4 దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మా ఊరి సూర్యుడు వాచీ కన్నా మూడున్నర నిమిషాలు ముందున్నాడు, శ్రీకాకుళం సూర్యుడు ఐదున్నర. దానికి తోడు భూమి సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగదు, పైగా ఒరిగి ఉంది. అందువల్ల కర్ర నీడ అన్నిటికన్నా పొట్టిగా అయ్యే వేళ నవంబరు మొదట్లో 11:40కే వచ్చేస్తే, ఫిబ్రవరి రెండో వారంలో 12:10 దాటాక గానీ రాదు. అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడే రోజులు మార్చి రెండో వారంలో కొన్ని, అక్టోబరు మొదట్లో కొన్ని. ఆ రెండు సమయాల్లోనూ సూర్యుడు భూమధ్యరేఖకి దక్షిణాన దాదాపు నాలుగు డిగ్రీల దగ్గరే ఉంటాడు, తూర్పున ఒకే చోట ఉదయిస్తాడు. ఆ గుడి ద్వారం ఏడాదికి రెండుసార్లు కొట్టే గడియారం.

మే రెండో వారంలో ఒక రోజు సూర్యుడు సరిగ్గా మా నెత్తి మీదికి వస్తాడు. ఆ రోజు నాన్నగారి జనతాని రేడియో టైముకి సరిపెట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని డాబా ఎక్కుతాను. 11:50కి కర్ర మొదట్లో వేలెడు నీడ ఉంటుంది. 11:53కి అది కర్ర కిందకి పూర్తిగా వెళ్లిపోతుంది.