రేకుల షెడ్డేనా అంటే కాదు: ఇండోర్ హాళ్ల మీద అపోహలు, వాస్తవాలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పీఈబీ నిలబెట్టడం నా పని. పీఈబీ అంటే ప్రీ ఇంజనీర్డ్ బిల్డింగ్. స్తంభాలు, దూలాలు ఫ్యాక్టరీలోనే కోసి, వెల్డింగ్ చేసి, బోల్టు రంధ్రాలతో సహా లారీలో పంపిస్తారు, సైటులో క్రేన్‌తో లేపి బిగించుకుంటాం. మొన్న రాజాం వైపు బ్యాడ్మింటన్ హాలు కడదామనుకుంటున్న ఒకాయన డ్రాయింగ్ చూసి, "ఏటి బాబూ, ఇంత డబ్బు పోసి రేకుల షెడ్డేనా, తుఫానొస్తే ఉంటాదా?" అన్నారు.

అపోహ: తుఫానుకి ఎగిరిపోతుంది.

ఈ భయం ఊరికే రాలేదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్లం. తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 140-150 కిలోమీటర్లు, ఈదురుగాలి 165 దాకా. కట్టడాల మీద గాలి బలం లెక్కకట్టే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. అందులో మన తీరానికి డిజైన్ మొదలుపెట్టాల్సిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180. ఆ గాలి ఒత్తిడి చదరపు మీటరుకి సుమారు 150 కిలోల బరువుతో సమానం, అదే చదరపు మీటరు కప్పు మాత్రం రేకూ, దాని కింద అడ్డంగా వేసే సన్న ఇనప దూలాలు పర్లిన్లూ కలిపినా పది పదిహేను కిలోలే. అందుకే ఇక్కడ అసలు గొడవ గాలి తోసెయ్యడం కాదు, కప్పుని పైకి లాగెయ్యడం. అంచుల్లో, మూలల్లో ఆ లాగుడు ఎక్కువ, పైగా గాలికెదురుగా షట్టర్ తెరిచి ఉంచారంటే లోపల్నుంచి కూడా తోస్తుంది, గొడుగు తిరగబడినట్టే. మూలల్లో స్క్రూలు దగ్గరదగ్గరగా వెయ్యమని డ్రాయింగులో ఉంటుంది, సాయంత్రమయ్యేసరికి కుర్రాళ్లు అన్నిచోట్లా ఒకే దూరంలో కొట్టుకుంటూ పోతారు. నేను పైకెక్కి లెక్కపెడతాను, తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

"ఇనుము తేలిక కదా, పునాది చిన్నది చాలు" అనేది దీనికి తమ్ముడు. ఇక్కడ పునాది బరువు మొయ్యడానికే కాదు, హాలుని నేలకి పట్టి ఉంచడానికి కూడా. నా తొలిరోజుల్లో బోల్టులు కదలకుండా పట్టి ఉంచే రంధ్రాల పలక, టెంప్లేట్ అంటాం, అది పెట్టకుండా, స్తంభాన్ని పునాదికి బిగించే యాంకర్ బోల్టులు నిలబెట్టి కాంక్రీటు పోయించేశాను, తీరా చూస్తే ఒక వరుస అంగుళం పక్కకి జరిగింది, మేస్త్రీ సుత్తితో వంచేద్దామంటే వద్దని పగలగొట్టించి మళ్లీ పోయించాను. పది రోజులు పోయాయి, తప్పు నాదే.

అపోహ: నెలలో ఆట మొదలెట్టొచ్చు.

ఫ్రేములు లేచేది రెండు మూడు వారాల్లోనే, నిజం. కానీ దానికి ముందు మట్టి పరీక్ష, డిజైన్, ఫ్యాబ్రికేషన్ ఉన్నాయి. ఇక్కడ పునాదులు క్యూరింగ్‌లో, అంటే తడుపుతూ గట్టిపడనిస్తూ ఉండగానే అక్కడ ఫ్యాక్టరీలో దూలాలు తయారవుతాయి, టైమ్ కలిసొచ్చేది అక్కడే. ఆలస్యమయ్యేది గచ్చు దగ్గర. కాంక్రీటులో తడి ఆరకముందే పైన చెక్క ఫ్లోరింగ్ పరిచేస్తే అది ఉబ్బి లేస్తుంది, మన వానాకాలంలో ఆ తడి తొందరగా పోదు కూడా.

అపోహ: గోడౌన్ డిజైన్‌కే కోర్టు గీతలు గీస్తే సరి.

దీని మీద నాకు కోపం ఎక్కువ, ఎందుకంటే నేనూ అదే చేశాను. షటిల్ బరువు 4.74 నుంచి 5.50 గ్రాములు. గోడౌన్‌లో వేసినట్టే కప్పు మీద గాలికి తిరుగుతూ లోపలి వేడిని లాగే టర్బో వెంటిలేటర్లు, కోర్టులకి అడ్డంగా గాలొచ్చేలా గోడల్లో లూవర్లు, అంటే ఏటవాలు పలకల కిటికీలు పెట్టించాను, గాలి బాగా ఆడుతోందని ఓనరు సంతోషించారు, ఆడేవాళ్లు మాత్రం షటిల్ గాలికి గీత దాటి పోతోందని వారంలోనే మొదలెట్టారు. చివరికి సగం లూవర్లు మూయించాం. కరెంటు ఖర్చు తగ్గుతుందని కోర్టు పైన పాలికార్బొనేట్ స్కైలైట్లు వేసినా ఇంతే, తల పైకెత్తి స్మాష్ కొట్టబోయేవాడి కళ్లలో వెలుగు పడుతుంది. వెలుతురు కావాలంటే పక్క గోడల్లోంచి, అదీ నేరుగా ఎండ పడని వైపు నుంచి తెచ్చుకోండి.

ఎత్తు కూడా అంతే. కోర్టు 13.4 మీటర్ల పొడవు, 6.1 వెడల్పు అని అందరికీ తెలుసు, పైన ఎంత ఖాళీ అని ఎవరూ అడగరు. వాలీబాల్‌కి కనీసం 7 మీటర్లు, పెద్ద బ్యాడ్మింటన్ టోర్నమెంట్లకి 12 మీటర్లు కావాలి. కొలవాల్సింది రేకు దాకా కాదు, దూలం కింది అంచు దాకా, లైట్లు వేలాడితే వాటి దాకా.

వాన చప్పుడుకి, వేడికి రేకు కింద గ్లాస్‌వూల్, అంటే గాజు పీచు దుప్పటి వేస్తే చాలావరకు సరిపోతుంది. తుప్పు సంగతంటే, సముద్రానికి దగ్గరైతే రేకు కంటే ముందు సైటులో వెల్డింగ్ చేసిన చోట్లే పట్టుకుంటుంది, అక్కడ ఫ్యాక్టరీ రంగు కాలిపోయి ఉంటుంది కాబట్టి. అందుకే నా సైటులో వెల్డింగ్ మిషన్ కనిపిస్తే ముందు ఎందుకొచ్చిందో అడుగుతాను.