నిజం వెతికిన శాస్త్రం

మాటల పుట్టుక గురించి చెప్పే శాస్త్రానికి ఇంగ్లీషులో ఎటిమాలజీ అని పేరు. అది గ్రీకుల ‘ఎటిమోలోగియా’ నుంచి లాటిన్, ఫ్రెంచి భాషల మీదుగా వచ్చింది. ‘ఎటిమోస్’ అంటే నిజమైన అని అర్థం. రెండో భాగం ‘లోగోస్’కు సంబంధించినది, అంటే వివరణ. పుట్టుక, మూలం అనే భావం ఆ పేరులో ఎక్కడా లేదు! క్రీ.పూ. 44లో రోమన్ వక్త, రచయిత సిసిరో దీన్ని లాటిన్‌లోకి ‘వెరిలోక్వియం’, అంటే సత్యవచనం, అని ముక్కస్య ముక్కగా మార్చి చూశాడు. నచ్చక వేరే మాట వాడాడు.

గ్రీకులు ఆ పేరును మనస్ఫూర్తిగానే పెట్టారు. పేరును విప్పితే వస్తువు స్వభావం బయటపడుతుందని స్టోయిక్ తత్వవేత్తలు నమ్మారు. అంతకుముందే ప్లేటో ‘క్రాటిలస్’ సంభాషణలో సోక్రటీస్ ‘ఆంత్రోపోస్’ (మనిషి) అనే మాటను విడదీసి, ‘తాను చూసినదాన్ని పరిశీలించేవాడు’ అని చెబుతాడు. ఎంత అందమైన ఊహ! కానీ రుజువు లేదు. ధ్వని పోలికే ఆధారమైతే ఏ మాటనైనా దేనికైనా ముడిపెట్టవచ్చు.

ఆ పోలిక ఎంత మోసం చేస్తుందో దేవుడి పేర్లే చూపిస్తాయి. గ్రీకు ‘థెయోస్’, లాటిన్ ‘దేవుస్’ రెండింటికీ దేవుడనే అర్థం. వినడానికి అన్నదమ్ముల్లా ఉన్నా చుట్టాలు కావు. ‘దేవుస్’కు అసలు బంధువులు సంస్కృత ‘దేవ’, గ్రీకు దేవతల రాజు పేరు ‘జియూస్’. ఈ సంగతి తేల్చింది 19వ శతాబ్దపు పండితులు పట్టుకున్న ధ్వనిమార్పుల నియమాలు. ఒక భాషలో ఒక ధ్వని మారితే, దాని చుట్టూ అవే ధ్వనులున్న మాటలన్నిటిలోనూ మారుతుంది. నా దృష్టిలో ఆ శాస్త్రం నిజంగా శాస్త్రమైంది అప్పుడే.

ఆ క్రమం తెలుగులోనూ కనిపిస్తుంది. కన్నడంలో కివి, కెరె, కిరు, కెడు; మనకు చెవి, చెరువు, చిరు, చెడు. ఇ, ఎ అచ్చుల ముందున్న పాత ‘క’ తెలుగులో ‘చ’ అయింది. భాషావేత్తలు దీన్ని తాలవ్యీకరణం అంటారు. మరి ‘కీర్తి’ ఎందుకు మారలేదు? అది సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాట. ‘కింద’ అచ్చతెలుగే కదా అంటారా? దాని పాత రూపం ‘క్రింద’. ‘క’కూ ‘ఇ’కీ మధ్య ‘ర’ అడ్డు ఉంది.