గొడుగు పట్టించుకున్నది ఒకరు, మెమో మరొకరికి: చెన్నై గన్‌మన్ తగువు వెనక కథ

నాయకుడికి గొడుగు పట్టిన గన్‌మన్, పెళ్ళి మండపంలో అమ్మగారి బ్యాగు మోస్తున్న గన్‌మన్. ఇలాంటి వీడియో ఒకటి ఫోన్లలో తిరిగిందంటే చాలు, చెన్నైలో పాత తగువు మళ్ళీ లేస్తుంది. కానిస్టేబుల్‌ను ఆర్మ్‌డ్ రిజర్వుకు వెనక్కి పంపడం, మెమో ఇవ్వడం మామూలే. గొడుగు కింద నడిచినాయనకు మాత్రం ఏ కాగితమూ రాదు. ప్రతిసారీ వాదన అక్కడే తిరుగుతుంది.

ఇందిరా గాంధీ హత్య, ప్రధానికి కాపలా కాసే ఎస్‌పీజీ ఎలా పుట్టింది, జెడ్ ప్లస్, వై భద్రతా కేటగిరీల లెక్కలు అందరికీ తెలిసినవే. వాటిని వదిలేసి నేరుగా 2022 నాటి ఒక కోర్టు కేసుకు వద్దాం. ఇప్పటి గొడవ మొత్తానికీ ముడి అక్కడే పడిందని నా అభిప్రాయం.

నిజానికి ఆ కేసుకూ గన్‌మన్ డ్యూటీకీ సంబంధమే లేదు. పోలీసు క్వార్టర్స్ ఖాళీ చేయాలన్న ఆదేశం మీద ఒక పోలీసు ఉద్యోగి మద్రాసు హైకోర్టుకు వెళ్ళాడు. జస్టిస్ ఎస్.ఎం. సుబ్రమణ్యం విచారణను క్వార్టర్స్ దగ్గరే ఆపలేదు. పోలీసు కార్ల అద్దాలకు నల్ల ఫిల్ములు ఎందుకు, సొంత బండ్ల మీద పోలీస్ స్టిక్కర్లు ఎందుకు అని అడుగుతూ పోయి, చివరికి పెద్ద అధికారుల ఇళ్ళలో పనిచేస్తున్న ఆర్డర్లీల (ఇంటిపనికి పెట్టుకున్న పోలీసుల) దగ్గరికి వచ్చారు. ట్రైనింగ్ ఇచ్చి, ప్రజల డబ్బుతో జీతమిచ్చి, ఆ మనిషి చేత వంట చేయించడం, పిల్లల్ని బడికి తీసుకెళ్ళమనడం ఏమిటన్నది ఆయన ప్రశ్న. స్వాతంత్ర్యం వచ్చి 75 ఏళ్ళయినా తెల్లవాళ్ళ నాటి బానిస పద్ధతి పోలేదని కోర్టు గట్టిగానే కడిగింది.

తమిళనాడు ప్రభుత్వం ఆర్డర్లీ పద్ధతిని 1979లోనే ఉత్తర్వు ద్వారా రద్దు చేసింది. అప్పుడు ముఖ్యమంత్రి ఎంజీఆర్. అదే ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన జాతీయ పోలీసు కమిషన్ తొలి నివేదిక కూడా ఈ పద్ధతి పోవాలనే చెప్పింది. అంటే నలభై ఏళ్ళకు పైగా ఉత్తర్వు ఫైల్లో ఉంది, ఆర్డర్లీ వంటింట్లో ఉన్నాడు. ఇన్నేళ్ళలో ఆ ఉత్తర్వు కింద ఎంతమంది పెద్ద అధికారుల మీద చర్య తీసుకున్నారని ఎవరూ అడగలేదు, కోర్టు అడిగేదాకా.

2022లో కొత్తగా జరిగిందేమిటంటే, తప్పు ఎవరిదన్న లెక్క తిరగబడింది. పని చేసిన కానిస్టేబుల్‌ను కాదు, చేయించుకున్న అధికారిని తప్పుపట్టాలి, అతని మీదే క్రమశిక్షణ చర్య మొదలుపెట్టాలి అన్నది కోర్టు మాట. ఐపీఎస్ అధికారికి అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమాలున్నాయి కాబట్టి ఆ మాటకు ఆధారం దొరికింది. ఎమ్మెల్యేకో, మాజీ మంత్రికో, మఠాధిపతికో అలాంటి సర్వీసు నియమాలు ఎక్కడివి? వాళ్ళ వెంట తిరిగే పీఎస్‌వో, అంటే వ్యక్తిగత భద్రతకు వేసిన గన్‌మన్ విషయంలో కథ మళ్ళీ మొదటికే వస్తుంది.

కానిస్టేబుల్ నుంచి ఇన్‌స్పెక్టర్ దాకా అందరికీ వర్తించేది తమిళనాడు పోలీసు సబార్డినేట్ సర్వీసు క్రమశిక్షణ, అప్పీలు నియమాలు, 1955. వీటిలో మూడో నియమం కింద ఉన్న రెండు విభాగాలను డిపార్ట్‌మెంటులో 'త్రీ ఏ', 'త్రీ బీ' అంటారు. మొదటిది చిన్న శిక్షలకు: సంజాయిషీ రాసిస్తే దాని మీదే నిర్ణయం. రెండోది పెద్దది: ఛార్జ్ మెమో, సాక్షులు, విచారణ, చివరికి ఉద్యోగమే పోవచ్చు. బదులు మనిషి రాకుండా డ్యూటీ వదలడం, తాగి ఉండడం, తుపాకీ అజాగ్రత్తగా పెట్టడం లాంటివాటికి ఈ నియమాలు సరిగ్గా సరిపోతాయి. గొడుగు దగ్గరే చిక్కు. పట్టను అంటే, 'ఈ అబ్బాయి మాకొద్దు, మార్చండి' అని అయ్యగారి ఇంటి నుంచి పైకి ఒక్క ఫోన్. పడితే యూనిఫాం పరువు తీశాడని మెమో. విచారణంటూ జరిగితే అన్నీ దగ్గరుండి చూసిన సాక్షి ఆ అయ్యగారే. అయ్యగారు వచ్చి, నేనే పట్టమన్నాను అని చెప్తారా? పైగా యూనియన్ పెట్టుకుందామంటే 1966 నాటి పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం అడ్డం.

ఇక్కడ 1991 మే 21 నాటి శ్రీపెరంబుదూరును ఒక్క విషయం కోసం గుర్తు చేసుకోవాలి. ఒంటికి బాంబు కట్టుకుని దండతో వచ్చిన అమ్మాయిని ఎస్ఐ అనసూయ ఆపబోతే, పరవాలేదు, రానివ్వండి అని రాజీవ్ గాంధీయే అన్నారని ఆమె చెప్పారు. ఆ పేలుడులో రాజీవ్‌తో పాటు ఆయన పీఎస్‌వో ప్రదీప్ కుమార్ గుప్తా కూడా చనిపోయారు. భద్రతా లోపాలపై విచారించిన వర్మ కమిషన్ ప్రభుత్వాలను తప్పుపడుతూనే, ఏర్పాట్లలో తలదూర్చిన పార్టీవాళ్ళనూ వదల్లేదు. రక్షణ పొందేవారి మాట పోలీసు మాటను దాటకూడదని అప్పుడే ఒక నియమం రాసుకుని ఉండాల్సింది. గన్‌మెన్ సంఖ్య మాత్రం పెరిగింది.

అధికారుల వాదనలోనూ కొంత నిజం ఉంది. పీఎస్‌వో స్టేషన్‌కు దూరంగా, పైవాళ్ళ కళ్ళకు దూరంగా, నడుముకు పిస్టల్‌తో ఒంటరిగా పనిచేస్తాడు. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో ఉంటే డిపార్ట్‌మెంటు మనిషి కాస్తా అయ్యగారి మనిషి అయిపోతాడు. అందుకే కఠినంగా ఉండాలంటారు. అలాగే ఉండనీ, కానీ అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉంచిందెవరు?

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి పెళ్ళికో ఆసుపత్రికో చెన్నై వచ్చే మన నాయకుల వెంట ఆంధ్రా గన్‌మెన్ కూడా వస్తారు. టి.నగర్‌లో వాళ్ళేం చేసినా వేపేరిలోని చెన్నై పోలీసు కమిషనరేట్ చేయగలిగింది రిపోర్టు పంపడమే. చర్య తీసుకోవాల్సింది వాళ్ళ సొంత జిల్లా ఎస్పీ.

ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్న డిమాండ్, గన్‌మన్‌ను పనివాడిలా వాడుకున్నవారికి సెక్యూరిటీ తీసేయాలని. అయితే సెక్యూరిటీ ఇచ్చేదీ తీసేదీ ప్రాణహాని అంచనాను బట్టి, ప్రవర్తనను బట్టి కాదు. గన్‌మన్ ఉంటే హోదా అని, సొంత ఇంటి మీద తామే పెట్రోల్ బాంబు వేయించుకుని దొరికిపోయినవాళ్ళున్న రాష్ట్రమిది. నిజంగా ముప్పున్న మనిషి గన్‌మన్ చేత గొడుగు పట్టిస్తే ఏం చేయాలన్నదానికి 1955 నియమాల్లో గానీ 2022 కోర్టు ఉత్తర్వులో గానీ జవాబు లేదు.