ఆరోగ్యశాఖ ఫైలులోకి పరిశోధన చేరే దారి

హైదరాబాద్ కోఠీలోని ఆరోగ్యశాఖ కార్యాలయానికి ఒక ప్రతిపాదన వచ్చిందనుకుందాం. ప్రభుత్వ ఆసుపత్రుల కాన్పు గదులన్నిటికీ కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచులు కొనాలని. కాన్పు కాగానే తల్లి నడుము కింద పరిచే షీటుకు ఈ సంచి అతికి ఉంటుంది. ఎన్ని మిల్లీలీటర్ల రక్తం పోయిందో నర్సు గీత చూసి చెప్పగలుగుతుంది. కొనాలా వద్దా అని నోటు పెట్టాల్సిన ప్రోగ్రాం ఆఫీసరుకు ఉండేది మహా అయితే వారం గడువు. పరిశోధనలు వెతకడం, వాడడం అధికారులకు నేర్పే శిక్షణ ఇలాంటి ఫైలుతోనే మొదలవ్వాలి. గణాంకశాస్త్రం పాఠంతో మొదలుపెడితే మధ్యాహ్నానికి సగం మంది ఫోన్లు పట్టుకుని బయట ఉంటారు.

మొదటి పూటంతా ప్రశ్న మీదే గడపాలి. "ఈ సంచులు మంచివేనా?" అన్నది వెతకగలిగే ప్రశ్న కాదు. ఎవరికి, ఏం చేస్తాం, దేనితో పోలుస్తాం, ఏ ఫలితం చూస్తాం అని నాలుగు ముక్కలుగా విడదీయాలి. సాధారణ కాన్పయిన తల్లులకు, కొలత సంచి వాడితే, కంటి అంచనాతో పోల్చినప్పుడు, లీటరు దాటే రక్తస్రావం తగ్గుతుందా? ఇలా రాసుకుంటే వెతకాల్సిన మాటలు వాటంతట అవే బయటపడతాయి.

వెతకడానికి వైద్య పరిశోధన వ్యాసాల ఆన్‌లైన్ సూచిక పబ్‌మెడ్ ఉచితం. ఒకే అర్థమున్న మాటల మధ్య 'ఆర్' (OR), వేరు వేరు ముక్కల మధ్య 'అండ్' (AND) పెట్టాలి, రెండూ ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లోనే. అందరూ చేసే పొరపాటు మొత్తం పదబంధాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టడం. అలా పెడితే పబ్‌మెడ్ తనంతట తాను పర్యాయపదాలు వెతకడం మానేస్తుంది, ఫలితాలు ఒక్కసారిగా పడిపోతాయి. ఎడమ పక్కనున్న వడపోతల్లో ముందు సిస్టమాటిక్ రివ్యూలు, అంటే ఒక ప్రశ్నపై వచ్చిన అధ్యయనాలన్నిటినీ కూర్చి తూచే సమీక్షలు చూడాలి. ఒక్కో అధ్యయనం వెంట పడడం ఆ తర్వాతి పని. కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ చేసే ఇలాంటి సమీక్షల సారాంశాలు కూడా డబ్బు కట్టకుండానే చదువుకోవచ్చు.

అసలు శిక్షణ చదవడంలో ఉంది. మన సంచుల విషయమే చూడండి. కర్ణాటకలోని బెళగావిలో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, సంచి కొలతతో పోలిస్తే కంటి అంచనా 33 శాతం తక్కువగా వచ్చింది. ఇది చూడగానే కొనేద్దామనిపిస్తుంది. కానీ 13 ఐరోపా దేశాల్లో 25 వేలకు పైగా కాన్పులపై చేసి 2010లో ప్రచురించిన ట్రయల్‌లో సంచి ఒక్కటే ఇస్తే తీవ్ర రక్తస్రావంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2023లో ఈ-మోటివ్ ట్రయల్ వచ్చింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో సుమారు సగం చోట్ల సంచితో పాటు గర్భాశయ మర్దన, గర్భాశయం ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ తరహా మందులు, రక్తస్రావాన్ని అదుపు చేసే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, రక్తం ఎక్కణ్ణుంచి పోతోందో చూసే పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెట్టేలా నర్సులకు తర్ఫీదిచ్చారు. మామూలు పద్ధతి కొనసాగించిన ఆసుపత్రుల్లో చెడు ఫలితం 4.3 శాతం ఉంటే, ఇక్కడ 1.6 శాతమే.

దీన్నే "60 శాతం తగ్గుదల" అంటే ఫైలులో గొప్పగా కనిపిస్తుంది. నిజానికి 4.3లోంచి 1.6 తీసేస్తే తేడా 2.7 శాతం పాయింట్లు, అంటే వంద కాన్పులకు 2.7. ఇంకోలా చెప్పాలంటే 37 కాన్పులకు ఈ పద్ధతి పాటిస్తే ఒక తల్లికి ఆ ముప్పు తప్పుతుంది. ఇదీ మంచి ఫలితమే, ఖర్చు లెక్కకు అక్కరకొచ్చేది కూడా ఈ అంకే. ఆ "చెడు ఫలితం" లీటరు దాటిన రక్తస్రావం, రక్తస్రావం ఆపడానికి పొట్ట కోయాల్సిరావడం, మరణం మూడూ కలిపినది. మరణాలు విడిగా చూస్తే తేడా తేలలేదు. "మాతృమరణాలు 60 శాతం తగ్గుతాయి" అని నోటులో రాస్తే అది తప్పే. ఈ తేడా పట్టుకోగలిగితే ఆ అధికారికి శిక్షణ అందినట్టే.

ఇక మన రాష్ట్రానికి ఇది ఎంతవరకు నప్పుతుంది? ఈ-మోటివ్ ట్రయల్ సాధారణ కాన్పులపైనే జరిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే 44.5 శాతం. మొత్తం కాన్పులకు లెక్కగట్టి సంచులు ఆర్డరిస్తే సగానికి దగ్గరగా స్టోరులో మూలుగుతాయి. సంచులు వచ్చి ట్రానెక్సామిక్ ఇంజక్షన్లు రాకపోతే ఐరోపా ఫలితమే ఇక్కడా రావచ్చు.

అందుకే నోటు మొదటి పేజీలో కొనుగోలు ఒక్కటే ఉండకూడదు. ఎన్ని సాధారణ కాన్పులకు, ఏ మందులతో కలిపి, నర్సుల తర్ఫీదు ఎవరిది, ఆధారం ఎంత బలమైనది అన్నవి ఉండాలి. వివరాలు వెనక మూడు పేజీల్లో చాలు.

శిక్షణ నిలవకపోవడానికి పెద్ద కారణం బదిలీలు. నేర్చుకున్నాయన ఆరు నెలల్లో వేరే విభాగానికి వెళితే పని మళ్లీ మొదటికొస్తుంది. ఒక్కరికి కాకుండా అధికారి, ఆ సెక్షన్ సూపరింటెండెంట్, ఒక గణాంకాధికారి ముగ్గురికీ కలిపి నేర్పాలి. వెతికిన మాటలు, తేదీ, వచ్చిన ఫలితాల సంఖ్య ఒక కాగితం మీద రాసి అదే ఫైలులో పెట్టాలి. తర్వాత వచ్చే అధికారి ఆ తేదీ నుంచి ఇటు వచ్చిన పరిశోధనలు మాత్రం వెతుక్కుంటే సరిపోతుంది.